సిరిసిల్ల అనగానే ఆగిపోయే బండి

పోయినవారం కొమురెల్లిని, ఆయన భార్య గంగవ్వను, వాళ్ల బిడ్డ శోభను రుద్రంగి దాటిన తర్వాత నడిరోడ్డు మీద వదిలేసి వచ్చాం. ఆ పాపానికి నాకు తిట్లు బాగానే పడ్డాయి. ఆ పెద్దమనిషి బండిని మూడోసారి కూడా ఆపడానికి మీకు చేతులెలా వచ్చాయండీ అని ఒకావిడ కార్డు రాసింది. అమ్మా, నేను ఆపలేదు. బండి ఆగింది, నేను రాశాను. ఎవరు ఆపారో, అసలు ఎవరైనా ఆపారో లేదో ఇవాళ తేలిపోతుంది, కాస్త ఓపిక పట్టండి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు సంగతి చెప్పాలి కదా. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. కోరుట్లలో కొమురెల్లికి ఒక పాత అంబాసిడర్ డీజిల్ బండి ఉంది. ముప్పయ్యేళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి ఆయన. మోకాళ్లు ఇక వల్లకాదన్నాక నడుముకు కట్టే మోకును అటక మీద పెట్టి, జగిత్యాలలో ఒక డాక్టరు అమ్మేసిన ఈ బండిని కొనుక్కున్నాడు. కోరుట్ల నుంచి జగిత్యాలకు, జగిత్యాల నుంచి కోరుట్లకు మనుషుల్ని తిప్పుతాడు. సమ్మె రోజుల్లో ఆ బండిలో ఎంతమంది ఎక్కుతున్నారని మాత్రం అడక్కండి, దిగేవాళ్లకు కూడా తెలియదు.

శోభ జగిత్యాల ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివింది. ఆ తరగతిలో ఆడపిల్ల తనొక్కతే. చదువు పూర్తయ్యాక ఏ షెడ్డువాడూ పని ఇవ్వకపోతే కోరుట్లలోనే ట్రాక్టరు సామాన్ల దుకాణంలో చేరింది. రైతులు విరిగిన సామాను తెచ్చి బల్ల మీద పెడితే, ఇది కొత్తది వేసినా మళ్లీ విరుగుతుంది, అసలు జబ్బు వేరే చోట ఉంది అని చెప్పి పంపేంత పనిమంతురాలు. తండ్రి మాత్రం తన బండి బానెట్ మీద ఆమె చెయ్యి పడనివ్వడు. ఆడపిల్ల చేతులకు మసి ఎందుకని ఆయన వాదన. ఇంత మొండి మనిషిని నేను చాలా తక్కువగా చూశాను.

ఆ దుకాణానికే ఒకసారి బేరింగు కోసం వచ్చి, బేరింగు దొరికిన తర్వాత కూడా వస్తూనే ఉన్న కుర్రాడు దేవేందర్. వాళ్లది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. సాంచాలు మొరాయిస్తే బాగుచేయడం దేవేందర్ పని. పిల్లలిద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు, కులం కూడా కలిసింది, ఇక మిగిలింది పెద్దల పని. పిల్ల తల్లిదండ్రులు పోయి పిల్లగాడి ఇల్లు చూడాలి, ఆ ఇంట్లో అన్నం తినాలి. తింటే మాట ఖాయమైనట్టు. తిన్నాక వెనక్కి పోవడమనేది వాళ్లలో లేదు.

ఈ సమ్మె నెలలోనే కొమురెల్లి, గంగవ్వ రెండుసార్లు బయల్దేరారు. రెండుసార్లూ రుద్రంగి దాటి నాలుగైదు కిలోమీటర్లు పోగానే బండిలో సత్తువ పోయింది. మొదటిసారి ట్రాక్టరు కట్టి లాక్కొచ్చుకున్నారు. రెండోసారి అరగంట ఆగాక దానంతట అదే స్టార్టయితే, మళ్లీ ఎక్కడ పడుకుంటుందోనన్న భయంతో ఇంటికి తిప్పుకొచ్చారు. కోరుట్లలో మెకానిక్ బాలరాజు డీజిల్ ఫిల్టరు మార్చాడు, ఎయిర్ ఫిల్టరు దులిపాడు, పంపు విప్పి కడిగాడు. బండి బ్రహ్మాండంగా ఉందన్నాడు. జగిత్యాలకు పోయివస్తే నిజంగానే బ్రహ్మాండంగా ఉంది.

అవతల దేవేందర్ తల్లి నర్సవ్వ రెండుసార్లూ యాటకూర వండి, చివరికి వాడకట్టుకు పంచిపెట్టింది. మూడోసారి కబురు పంపింది. ఇవాళ పగటి అన్నానికి రాకపోతే మా ఇల్లు మీకు ఇష్టం లేదనుకుంటామని, ఎల్లారెడ్డిపేట సంబంధం వాళ్లు ఎదురుచూస్తున్నారని. ఆ కబురు విన్న శోభ, పెళ్లికాని పిల్ల అత్తగారి ఊరి దారి పట్టకూడదన్న పద్ధతిని పక్కకు నెట్టి, పొద్దున్నే వచ్చి బండిలో ముందు సీట్లో కూర్చుంది. వేములవాడలో మేనత్త ఇంటి దగ్గర దిగిపోతానని తల్లికి చెప్పింది. అసలు ఆమె ఎక్కింది బండిని కనిపెట్టడానికి. బండినో, బండి నడిపే మనిషినో, అది ఆమెకే తెలియాలి.

ఇదీ కథ. ఇప్పుడు టైము పదింపావు. అటూ ఇటూ పత్తి చేన్లు, నడుమ తారు రోడ్డు, రోడ్డు పక్కన బండి.

పోయినవారం చెప్పినట్టే అంతా జరిగింది. ముందు నాలుగో గేరులో లాగుడు తగ్గింది. కొమురెల్లి మూడుకు దించాడు, తర్వాత రెండుకు. ఎక్సిలేటరు నేలకు ఆనేదాకా తొక్కినా బండి ముందుకు పోదు. ఎద్దులబండి తోలుకుంటూ వెళ్తున్న ఒకాయన వాళ్లను దాటేసి, జాలిగా వెనక్కి తిరిగి చూశాడు కూడా. ఆఖరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. శోభ అంతసేపూ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక పొగ చూస్తూనే ఉంది. నల్లపొగ రాలేదు, తెల్లపొగ రాలేదు.

వెనక సీట్లో గంగవ్వ అరటిపండ్ల గెలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు బండి మీద మొదటి నుంచీ మంట. మొగుడు తనకంటే దాన్నే ఎక్కువసార్లు తుడుస్తాడని పదేళ్లుగా అంటూనే ఉంది. ఇప్పుడు మాత్రం దాన్ని తిట్టడం కూడా మానేసి ఫోన్ తీసి దేవేందర్‌కు చేసి, బిడ్డా, మళ్లా గట్లనే అయింది అని చెప్పింది. అవతల పక్కనుంచి నర్సవ్వ గొంతు ఏదో అడగడం వినిపించింది. ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

శోభ బండి దిగి తండ్రి వైపుకు వచ్చి నిలబడింది.

"బాపూ, జగిత్యాలకు దినాం నాలుగు మాట్ల పోయస్తది ఇది. ఒక్కనాడన్న ఆగిందా? సిరిసిల్ల అనంగనే ఎందుకు ఆగుతుంది?"

కొమురెల్లి స్టీరింగు వదల్లేదు. పాత బండి, నాకేమెరుక అన్నాడు.

"నీకు ఇష్టం లేకుంటే లేదని చెప్పు. నేను ఇంటనే ఉంట. గీ బండి మీదికి తోసి నన్ను బద్నాం చెయ్యకు."

ఇరవై నాలుగేళ్లలో తండ్రిని ఆమె ఇలా నిలదీసింది లేదు. గంగవ్వ వెనక నుంచి ఊరుకోవే అంది గానీ, ఆ అనడంలో బలం లేదు, ఎందుకంటే ఆమెకూ అదే అనుమానం. చూడండి, నలభై ఏళ్లు కాపురం చేసిన భార్య, కన్నకూతురు, ఇద్దరూ ఒకే బండిలో వచ్చి తనను అనుమానిస్తున్నారంటే ఆ మనిషికి ఎలా ఉంటుంది? నాకైతే కోపం వచ్చేది. కొమురెల్లికి రాలేదు. ఆయన మెల్లగా దిగి, డిక్కీ తెరిచి, నూనె గుడ్డలో చుట్టి ఉన్న పానాల కట్టను తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

"నువ్వే చూడు బిడ్డా. నేను ముట్ట."

పదేళ్లలో మొదటిసారి ఆ బానెట్ శోభ చేతుల మీదుగా లేచింది.

ఆమె కంగారు పడలేదు. దుకాణంలో రైతుల్ని అడిగినట్టే తనను తాను అడుక్కుంది. గాలి అందకపోతే నల్లపొగ రావాలి, రాలేదు. ఇంజను వేడెక్కిందా అంటే రేడియేటరు మామూలుగానే ఉంది. అంటే డీజిలు అందడం లేదు. ఫిల్టరు కొత్తది. దాని మీది చిన్న స్క్రూను వదులు చేసి చేతిపంపు కొట్టింది. ఎక్కడో గొట్టం చిట్లి గాలి పీలుస్తూ ఉంటే బుడగలు రావాలి. బుడగలు రాలేదు, డీజిలూ రాలేదు. పంపు బిగుసుకుని ఉంది. ఎవరో అవతల పక్క నుంచి పట్టుకుని, ఇవ్వను పో అన్నట్టుంది. బాలరాజు విప్పి చూసినవన్నీ ముందు వైపువే. వెనక్కి ఎవరూ పోలేదు. శోభ నడుచుకుంటూ బండి వెనక్కి వెళ్లింది.

టాంకు మూత తిప్పబోతే రాలేదు. రెండు చేతులతో పట్టినా రాలేదు. ముట్టనన్న కొమురెల్లి చూసి చూసి వచ్చి, తాళ్లు పట్టి పట్టి కాయలు కాచిన అరచేతిని మూత మీద వేసి ఒక్క తిప్పు తిప్పాడు. సుయ్యిమని చప్పుడు. ఒక్క క్షణంతో ఆగే చప్పుడు కాదు. టాంకు లోపలికి గాలి పీల్చుకుంటూనే ఉంది, గంగవ్వ అరటిగెల పక్కన పెట్టి దిగి వచ్చేదాకా పీల్చుకుంటూనే ఉంది.

శోభ మూతను వెనక్కి తిప్పి చూసింది. నడుమ సూది మొనంత చిల్లు ఉండాలి. ఇంజను డీజిలు తాగుతున్నకొద్దీ టాంకులో ఖాళీ అయిన జాగాలోకి ఆ చిల్లు గుండానే గాలి పోతుంది. అది లేకపోతే డీజిలు కదలదు. ఆ చిల్లును ఎవరో, నీళ్ల పైపుల అతుకులకు పెట్టే నల్ల ముద్ద పెట్టి, నున్నగా రుద్ది మూసేశారు. చుట్టూ సైకిలు ట్యూబు కోసి వాషరులా బిగించారు. పని ఎంత శుభ్రంగా ఉందంటే, చూసి మెచ్చుకోవాలనిపిస్తుంది.

"ఇది ఎవరు వెట్టిన్రు?"

"నేనే," అన్నాడు కొమురెల్లి.

ఇక్కడ కాస్త ఆగి ఆ మనిషి తరఫున నాలుగు మాటలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. సమ్మె మొదలైన రోజు, బంకులు ఎప్పుడు మూతపడతాయో తెలియదని ఆయన టాంకు నిండా పోయించాడు. నిండు టాంకుతో గతుకుల్లో పోతే ఆ చిల్లులోంచి డీజిలు చిమ్మి తెల్లరంగు మీద చారలు కట్టింది, ఎక్కినవాళ్లు వాసన అన్నారు. కల్లు గీసే మనిషికి కారే లొట్టి కుండను చూస్తే ప్రాణం ఒప్పదు. రాత్రంతా చుక్క చుక్క పడింది పొద్దునకల్లా నేలపాలు కావడం ఎలా ఉంటుందో ఆయన్ను అడగాలి. చిల్లు కనిపిస్తే పూడ్చడమే ఆ చేతులకు తెలిసింది. ఆ చిల్లు కావాలనే పెట్టారని ఆయనకు ఎవరు చెప్పారు? చెప్పగల మనిషి ఇంట్లోనే ఉంది, ఆమెను బండి ముట్టుకోనివ్వలేదు. అనుభవించాడు.

మరి జగిత్యాలకు పోయినప్పుడు ఎందుకు ఆగలేదు? శోభ ఆ లెక్క కూడా అక్కడే తేల్చింది. బండిలో డీజిలు చూపించే ముల్లు చచ్చి ఏడేళ్లయింది. కొమురెల్లి జగిత్యాలలో ఒకసారి, కోరుట్లలో ఒకసారి మూత తీసి, సన్నని ఈత బరిగె ముంచి ఎంత తడిసిందో చూసుకుంటాడు. మూత తీసినప్పుడల్లా టాంకు ఊపిరి పీల్చుకునేది. పైగా రోజువారీ సగం టాంకుతోనే తిరుగుతాడు, లోపల గాలి బోలెడంత ఉంటుంది. సిరిసిల్ల ప్రయాణమంటే నిండా పోయించడం, బరిగె ముంచకపోవడం. పాతిక ముప్పై కిలోమీటర్లకే లోపల ఊపిరాడదు. అరగంట ఆగితే సందుల్లోంచి ఎంతో కొంత గాలి దూరి, మళ్లీ స్టార్టవుతుంది.

శోభ పిన్నీసుతో ముద్దను గీకి చిల్లు తెరుస్తూ ఇదంతా చెప్పింది. చెబుతూ చెబుతూ నవ్వేసింది. నవ్వుతూ తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. ఆయన నవ్వడం లేదు.

"నేను ఆపలే బిడ్డా. నా పానం సాక్షి," అన్నాడు కొమురెల్లి. "గని ఆగినప్పుడల్లా నా కడుపుల చల్లగయ్యేది. ఇయ్యాల గూడ అయింది. అవద్ధమెందుకు ఆడాలె."

గంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొమురెల్లి ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాడు. పిల్లగాని మీద తనకు కోపం లేదన్నాడు. పొద్దున లేవగానే ఈ పిల్ల ముఖం చూడకుండా బండి తాళం తీసిన రోజు లేదని, ఆమె లేని ఇంట్లోంచి బండి ఎటు తిప్పాలో తెలియడం లేదని చెప్పాడు. అదే భయం, ఇంకేం లేదన్నాడు. శోభ నల్లబడ్డ చేతులతోనే తండ్రి భుజం పట్టుకుంది. తెల్లచొక్కా మీద అయిదు వేళ్లూ పడ్డాయి. గంగవ్వ ఈ చొక్కా ఉతికేది ఎవరని గొణుగుతూనే ఇద్దరినీ కలిపి దగ్గరకు తీసుకుని ఏడ్చింది. పత్తి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు ఎవరో పోయారనుకుని రోడ్డెక్కారు కూడా. వాళ్లకు నచ్చజెప్పి పంపేసరికి పది నిమిషాలు పట్టింది.

ఇక బండి సంగతి. చేతిపంపు నాలుగుసార్లు కొట్టగానే డీజిలు చిమ్ముకుంటూ వచ్చింది. శోభ స్క్రూ బిగించింది, తాళం తిప్పింది, ఒక్క తిప్పుకే బండి అందుకుంది. నాలుగో గేరులో ఎక్కుడు దారి వస్తే మూడుకు దించే పని కూడా పడలేదు. కొమురెల్లి ముఖం విప్పారింది. ఆయన మనసులో లెక్కలు మొదలయ్యాయి. కోరుట్ల నుంచి సిరిసిల్ల ఎంత, అరవై అయిదు కిలోమీటర్లు. తెల్లవారి అయిదింటికి బయల్దేరితే ఏడుకల్లా తంగళ్ళపల్లిలో టీ తాగొచ్చు. బండి ఇలా ఉంటే వారానికోసారి తానే పోయి బిడ్డను చూసి రావచ్చు. ఆ లెక్కంతా పైకే చెప్పాడు, బేస్తవారం పోతే బాగుంటుందా ఐతవారమా అని కూతుర్నే అడిగాడు. శోభ కిటికీ వైపు తిరిగి, నీ ఇష్టం బాపూ అంది.

చందుర్తి దగ్గర రోడ్డు మూసుకుపోయింది. నడిరోడ్డు మీద ఇరవై పొయ్యిలు వెలుగుతున్నాయి. వంటావార్పు. ఊరు ఊరంతా అక్కడే వండుకుని అక్కడే తింటోంది, మైకులో పాటలు, జై తెలంగాణ నినాదాలు. మూడింటిదాకా ఏ బండీ కదలదన్నారు. టైము పన్నెండున్నర. కొమురెల్లి దిగిపోయి చేతులు జోడించాడు, బిడ్డ పెళ్లి ముచ్చట అని చెప్పాడు. పోరగాళ్లు నవ్వి, పెద్దనాయినా నీ బిడ్డ పెళ్లి తెలంగాణలనే చేద్దాంతీ, ఆత్రమేంది, కూసోని తిను అన్నారు. రెండుసార్లు తన బండి ఆగితే లోపల సంబరపడ్డ మనిషి, ఇప్పుడు జనం ఆపితే పొయ్యిల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

అప్పుడు పొయ్యిల అవతల పక్కన మోటారు సైకిలు ఆగింది. నడిపింది దేవేందర్. వెనక నుంచి దిగింది నర్సవ్వ, చేతిలో నాలుగు గిన్నెల టిఫిను క్యారేజీ. ఫోన్ కట్ చేసిన మనిషి కోపంతో కట్ చేయలేదు, కూర గిన్నెల్లోకి సర్దడానికి కట్ చేసింది. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పొయ్యిల మధ్య నుంచి నడిచి వచ్చి కొమురెల్లి ముందు నిలబడింది.

"మీ బండి మా ఇంటికి రాదని సమజైంది అన్నా. అందుకే మా ఇంటి అన్నమే మీకాడికి వట్టుకచ్చిన."

ఇంతకంటే గొప్ప వియ్యపురాలిని నేను ఎక్కడని తెచ్చేది? గంగవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వంటావార్పు వాళ్లు విస్తర్లు ఇచ్చారు. చింతచెట్టు నీడ రోడ్డు మీద పడినచోట నలుగురూ కూర్చున్నారు. శోభ తల్లి వెనక కాస్త ఎడంగా కూర్చుంది. దేవేందర్ నీళ్లు పోస్తే కొమురెల్లి చేయి కడుక్కున్నాడు. నర్సవ్వ అన్నం పెట్టి కూర వేసింది. ఆయన కలిపి, ముద్ద చేసి ఎత్తాడు. గంగవ్వ చూపంతా ఆ ముద్ద మీదే ఉంది.

నర్సవ్వ చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆగు అన్నా. తిన్నంక నువ్వు మాట దప్పేటోనివి గాదు. అందుకే తినకముందుగాల్నే చెప్తున్న, నా కొడుకు నీకు చెప్పలేక చస్తున్నడు. కరెంటు లేదు, సాంచాలు బందున్నయి. వాడు భివండిల పని ఒప్పుకున్నడు. పెండ్లయినంక పదోనాడు ఇద్దరు ఆడికే పోతరు. మళ్ల ఎప్పుడస్తరో నాకే ఎరుకలేదు."

రాష్ట్రం దాటి ఎక్కడో ఉన్న ఆ మరమగ్గాల ఊరు భివండి ఎంత దూరమో కొమురెల్లికి తెలుసు. సిరిసిల్ల నుంచి అక్కడికి పోయినవాళ్లు ఎన్ని బతుకమ్మలకు రాకుండా ఉండిపోయారో తెలుసు. అరవై అయిదు కిలోమీటర్లకు గుండె దిటవు చేసుకుని గంటన్నర కూడా కాలేదు. ఆయన నర్సవ్వ వైపు చూడలేదు, దేవేందర్ వైపు చూడలేదు. ఈ మాటకు తన బిడ్డ ఎంత అదిరిపడిందో చూద్దామని శోభ వైపు చూశాడు.

శోభ అదిరిపడలేదు. తల దించుకుని చేతికంటిన మసిని గోటితో గీకుతోంది.

"నీకు ఎరుకేనా బిడ్డా?"

"నెల కిందనే చెప్పిండు బాపూ," అంది శోభ.

ముద్ద కొమురెల్లి చేతిలోనే ఉంది.